బొటనవేలంత సిపాయి - గుండీ అంత చరిత్ర

మా చీడికాడ ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టినప్పుడు, దేవుళ్ల మెట్టుకి బాగా దిగువన, కూరగాయల బండికీ కొబ్బరిచెట్టుకీ మధ్య ఒక లక్క సిపాయి నిలబడేవాడు. ఎర్ర కోటు, నల్ల టోపీ, చేతులు లేవు. చేతులు ఎందుకు లేవని చిన్నప్పుడు అడిగితే, విరిగిపోయాయని చెప్పేవారు. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఆ బొమ్మకి చేతులు అసలు పెట్టనే లేదని. లేతు మిషను మీద తిప్పి చేసే బొమ్మకి చేతులు రావు. ఆ సిపాయి ఏ దేశపువాడు, ఎవరి కొలువులో పనిచేసినవాడు అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వెయ్యలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న పట్టుకుని సాగుతుంది. దారిలో, పాశ్చాత్య దేశాల్లో పెద్దవాళ్లు కూడా ఎంతో దీక్షగా చేసే ఒక వ్యాసంగం గురించి - నెపోలియన్ కాలపు సైనికుల బుల్లి బొమ్మలకు రంగులు వేసి, బల్ల మీద యుద్ధాలు ఆడటం గురించి - మన విద్యార్థులకు కొంత చెబుతాను.

ముందుగా ఒక సందేహం తీర్చాలి. నెపోలియన్‌కీ మన విశాఖ తీరానికీ ఏమిటి సంబంధం? ఉంది. 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం రేవు ముందు ఫ్రెంచి నౌకాదళం ప్రత్యక్షమైంది. దాని అధిపతి రియర్ అడ్మిరల్ లిన్వా. 74 ఫిరంగుల 'మరెంగో', దానితోపాటు 'అతలాంత్', 'సెమిలాంత్' అనే రెండు ఫ్రిగేట్లు. రేవులో లంగరు వేసి ఉన్నవి 50 ఫిరంగుల ఇంగ్లీషు యుద్ధనౌక 'సెంచూరియన్', కంపెనీ సరుకు ఓడలు రెండు. సెంచూరియన్ కెప్టెన్ లిండ్ ఆ సమయానికి ఒడ్డున ఉన్నాడు. లెఫ్టినెంటు ఫిలిప్స్ పోరాటం నడిపాడు. సరుకు ఓడల్లో ఒకటి ఒడ్డుకు కొట్టుకుపోయి బద్దలైంది, రెండోదైన 'ప్రిన్సెస్ షార్లెట్'ను ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు. దెబ్బతిన్న సెంచూరియన్ లోతు తక్కువ నీళ్లలోకి జరిగింది, మరెంగో అక్కడికి రాలేక వెనుదిరిగింది. అదే ఏడాది మే నెలలో నెపోలియన్‌ను చక్రవర్తిగా ప్రకటించారు, డిసెంబరు 2న పట్టాభిషేకం. అంటే ప్రకటనకూ పట్టాభిషేకానికీ మధ్య ఒక పూట, చక్రవర్తిగారి ఫిరంగుల చప్పుడు మన డాల్ఫిన్ నోస్ కొండకు కొట్టుకుని తిరిగి వచ్చిందన్నమాట! మరెంగో పొడవు సుమారు 55 మీటర్లు. ఓడల ఆటలో వాడే 1200వ వంతు కొలతలో చేస్తే నాలుగున్నర సెంటీమీటర్ల పైచిలుకు, అగ్గిపెట్టెలో పట్టేస్తుంది.

ఇక ఆట సంగతి. చదరంగం పుట్టిన దేశం మనది కాబట్టి, బల్ల మీద సైన్యాలు నడపటం మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. అయితే చదరంగంలో ఏనుగు ఎప్పుడూ ఏనుగే. దానికి ఆకలి లేదు, భయం లేదు, వర్షం పడితే కాళ్లు దిగబడటం లేదు. ఇవన్నీ లెక్కలోకి తేవాలని ప్రష్యాలో రైస్‌విట్జ్ అనే ఆయన 1812లో రాజుగారికి ఒక ఆట బల్ల సమర్పించాడు. ఆయన కొడుకు, సైనికాధికారి, 1824లో దానికి నియమాలు అచ్చువేశాడు. అందులో సైనికులు లేరు, రంగు వేసిన దీర్ఘచతురస్రపు ముక్కలే - ఒక పక్షం ఎరుపు, ఒక పక్షం నీలం. అది అధికారులకు పాఠం. పిల్లల తగరపు సిపాయిల్ని ఈ పాఠంతో కలిపి అందరికీ ఆటగా ఇచ్చినవాడు ఇంగ్లీషు నవలాకారుడు హెచ్.జి. వెల్స్. 1913లో ఆయన వేసిన 'లిటిల్ వార్స్' పుస్తకంతోనే ఈ వ్యాసంగానికి తలుపు తెరుచుకుంది. మరుసటి సంవత్సరమే నిజం యుద్ధం వచ్చిపడింది!

వీళ్లలో నాకు బాగా నచ్చినవాడు ఆటగాడు కాదు, సైబోర్న్ అనే సైనికాధికారి. 1815 జూన్ 18 నాటి వాటర్లూ యుద్ధభూమిని నమూనాగా చెయ్యమని ఆయనకు పురమాయించారు. ఆయన ఆ పొలాల దగ్గరే నెలల తరబడి ఉండి కొలతలు తీసుకున్నాడు. యుద్ధంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు రాసి, సాయంత్రం ఏడు గంటల వేళ మీ దళం ఎక్కడ ఉంది, ఎదురుగా ఎవరున్నారు, పొలంలో ఏ పంట ఉంది అని అడిగాడు. ఆ నమూనాను 1838లో లండనులో ప్రదర్శించారు. దాని మీద 70 వేలకు పైగా తగరపు బొమ్మలున్నాయి. ప్రష్యా సైన్యానికి ఎక్కువ చోటిచ్చాడని పెద్దల నుంచి వచ్చిన అసంతృప్తి, చేతి నుంచి పెట్టిన ఖర్చు ఆయన్ని పీడించాయి. కానీ ఆయన పోగుచేసిన ఉత్తరాలు ఈనాటికీ వాటర్లూ చరిత్రకు ఆధారాలు. బొమ్మల కోసం అడిగిన ప్రశ్నలు చరిత్రకు ఆకరాలయ్యాయి. బొమ్మలంటే పిల్లల పని అనుకునే మిత్రులు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు కొలతల లెక్క. 28 మిల్లీమీటర్ల బొమ్మ అంటే సాధారణంగా అరికాలి నుంచి కళ్ల వరకూ 28 మిల్లీమీటర్లు. పైన టోపీ ఉంటుంది గనుక కళ్ల దాకానే కొలుస్తారు. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి కళ్లు నేల నుంచి సుమారు 158 సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయి. అంటే బొమ్మ మనిషిలో 56వ వంతు. సిపాయి గుండెల మీద ఏటవాలుగా పోయే రెండంగుళాల తెల్లతోలు పట్టీ ఈ లెక్కన ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. రెండు సెంటీమీటర్ల గుండీ మిల్లీమీటరులో మూడో వంతు చిల్లర. ఇంతకంటే చిన్నవీ ఉన్నాయి: 15 మిల్లీమీటర్లవి, 6 మిల్లీమీటర్లవి. ఆరు మిల్లీమీటర్ల సిపాయి బియ్యపు గింజకి అన్నయ్య లాంటివాడు. వాడికి గుండీ పెట్టాలనుకోవడం అత్యాశ. అక్కడ ఎరుపు ఒక చుక్క, తెలుపు ఒక గీత, నలుపు ఒక చుక్క, అంతే. ఆ మూడూ సరిగ్గా పడితే, రెండడుగుల దూరం నుంచి చూసే కంటికి పటాలం మొత్తం కదం తొక్కుతున్నట్టే ఉంటుంది.

సంఖ్యలోనూ ఇదే కుదింపు. ఒక బొమ్మ ఇరవై మందికి సమానం అనుకుంటే, 1808 తర్వాతి ఫ్రెంచి పటాలంలో ఆరు కంపెనీలు, ఒక్కొక్కదానిలో కాగితం మీద 140 మంది, కంపెనీకి 7 బొమ్మల చొప్పున 42 బొమ్మలు. నలభై రెండు ఒకే మాదిరి బొమ్మలు! ఇక్కడే చాలామంది కొత్తవాళ్లు మానేస్తారు.

మానెయ్యకుండా ఉండే కిటుకు చెబుతాను. బొమ్మను అటకాయించి ఒక్కొక్కటిగా పూర్తి చెయ్యాలని చూడకూడదు. పాత స్కేలుబద్ద లాంటి చెక్క మీద పది బొమ్మల్ని కొంచెం జిగురుతో వరసగా నిలబెట్టి, పదింటికీ ఒక రంగు, ఆపైన పదింటికీ ఇంకో రంగు వెయ్యాలి. పదోదానికి వెళ్లేసరికి మొదటిది ఆరి ఉంటుంది. ముందుగా పోత అంచుల్లో మిగిలిన రేకును గీకి, సబ్బునీళ్లలో కడగాలి. కడగని బొమ్మకి రంగు పట్టదు. తర్వాత అస్తరు. గోడలకీ తలుపులకీ అస్తరు ఎందుకో దీనికీ అందుకే. నల్ల అస్తరు వేస్తే పని త్వరగా తెములుతుంది, బ్రష్షు అందని మూలలు వాటంతట అవే నీడలవుతాయి. తెల్ల అస్తరు వేస్తే రంగులు వెలుగుతాయి, కాని తప్పులూ వెలుగుతాయి.

రంగు వేసే వరస కూడా, సిపాయి పొద్దున్నే తయారయ్యే వరసే: ముందు ఒళ్లు, తర్వాత చొక్కా, కోటు, దాని మీద పట్టీలు, సంచి, చివరికి తుపాకి. లోపలిదానితో మొదలుపెట్టి బయటికి రావాలి. ఇది తిరగేస్తే, మొహానికి వేసిన రంగు పూర్తయిన కాలరు మీద పడి మళ్లీ మొదటికొస్తుంది. రంగు మజ్జిగంత పల్చగా ఉండాలి. చిక్కటి రంగు ఒక్క పూతలో పని తీరుస్తుంది గాని, మొహంలో ముక్కూ మూతీ పూడ్చేస్తుంది. రెండు పల్చటి పూతలు ఒక చిక్కటి పూత కంటే మేలు. బ్రష్షు సన్నగా ఉండనక్కర్లేదు. మొన సన్నగా ఉండాలి. ఈ భేదం తెలియక నేను నాలుగు వెంట్రుకల బ్రష్షు కొని, రంగు బొమ్మకి చేరేలోపే ఆరిపోతుంటే, తప్పు రంగుదనుకుని నెల్లాళ్లు తిట్టుకున్నాను.

అసలు విద్య వెలుగునీడల్లో ఉంది. నిజం మనిషి మీద పడే ఎండ అంగుళం బొమ్మ మీద పడితే నీడలు సరిపోవు, కంటికి మడతలు కనిపించవు. కాబట్టి నీడను మనమే వెయ్యాలి. పల్చటి ముదురు రంగును పైనుంచి పారిస్తే మడతల్లోకి దిగి ఆగుతుంది. ఆరిన తర్వాత, బ్రష్షుకు లేతరంగు అంటించి, దాదాపు అంతా గుడ్డకి తుడిచేసి, ఆ పొడిబ్రష్షును పైపైన తిప్పితే ఎత్తుగా ఉన్న అంచులకు మాత్రమే అంటుతుంది. తెల్లపట్టీకీ ఎర్రకోటుకీ మధ్య వెంట్రుకంత నల్ల గీత వదలాలి. నిజం సిపాయికి ఆ గీత లేదు. కాని అది లేకపోతే రెండు రంగులూ దూరానికి కలిసిపోతాయి. కూచిపూడి వేషధారి కంటికి కాటుక తీర్చినట్టే ఇదీ, చివరి వరసలో కూర్చున్నవాడి కోసం.

ఒక హెచ్చరిక. పాత బొమ్మలు చాలావరకు సీసం కలిసినవి. ఇప్పుడు ఎక్కువమంది సీసం లేని తగరపు మిశ్రమంలో పోత పోస్తున్నారు గాని, పాతవి ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. బ్రష్షు మొనను నోటితో తడిపి సన్నం చేసే అలవాటు ఎంత సౌకర్యంగా ఉన్నా మానుకోవాలి. ఇంకొకటి మన తీరానికి ప్రత్యేకం: వానాకాలం ముసురు రోజున వార్నిషు వెయ్యకండి. గాలిలో తేమకి పూత తెల్లగా మంచుపట్టినట్టు అయిపోతుంది. మూడు నెలల పని ఒక శ్రావణమాసపు సాయంత్రంలో పోగొట్టుకున్నవాడిగా చెబుతున్నాను.

సరే, ఏ రంగు వెయ్యాలి? ఇక్కడ వ్యాసంగం చరిత్ర పాఠంగా మారుతుంది. నల్లమందు తుపాకులు నాలుగు మార్లు పేలేసరికి పొలమంతా పొగ. ఆ పొగలో తనవాడెవడో పగవాడెవడో తెలియాలి. అందుకే ఆ కాలపు సైన్యాలకు అంత ముదురు రంగులు. ఇంగ్లీషువాడు ఎరుపు, ఫ్రెంచివాడు నీలం, రష్యావాడు ముదురాకుపచ్చ, ఆస్ట్రియావాడు తెలుపు. ఫ్రెంచి పటాలంలో మళ్లీ కంపెనీకో గుర్తు: గ్రెనేడియర్లకు ఎర్ర కుచ్చులు, వోల్టిజర్లకు పసుపు, ఆకుపచ్చ, మామూలు నాలుగు కంపెనీలకు టోపీ మీది ఉండ ముదురాకుపచ్చ, ఆకాశనీలం, నారింజ, ఊదా. మన బొమ్మ మీద ఆ ఉండ ఆవగింజంత. కాని ఆ ఆవగింజను బట్టే వాడు వరసలో ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది.

రంగుల వెనక వ్యాపారమూ ఉంది. ఫ్రెంచి కోటు నీలానికి నీలిమందు కావాలి, అది సముద్రం దాటి రావాలి, సముద్రం ఇంగ్లీషువాడిది. నీలిమందు కరువై, 1806 ప్రాంతంలో కొన్ని ఫ్రెంచి పటాలాలకు తెల్లకోట్లు కుట్టించారు. రక్తం, బురద తెల్లబట్ట మీద ఎలా కనిపిస్తాయో వేరే చెప్పనక్కర్లేదు. 1807లోనే ఆ ప్రయత్నం విరమించారు. ఇంగ్లీషు మామూలు సిపాయి ఎరుపు మంజిష్ఠ జాతి వేరుది, అధికారి మెరిసే ఎరుపు కొచ్చినీలు పురుగుది. ఒకే ఎరుపు డబ్బాతో ఇద్దరికీ వేసేవాడు ఈ సంగతి తెలియనివాడన్నమాట.

ఇక మన సిపాయిల దగ్గరికి వద్దాం. ఉత్తర హిందూస్థానంలో ఒకప్పుడు కంపెనీ సిపాయిని 'తిలంగా' అనేవారు. తెలుగుదేశం నుంచి వచ్చినవాళ్లే అక్కడ మొదట ఆ కోటుతో కనిపించారు గనుక ఆ పేరు. మన జాతి పేరే వాళ్ల భాషలో సిపాయి అన్న మాటకు పర్యాయపదమైంది. 1800 ప్రాంతపు మద్రాసు సిపాయి బొమ్మ చెయ్యాలంటే: పైన ఇంగ్లీషు తరహా ఎర్ర కోటు, అడ్డపట్టీలు, నడుము కింద తొడల సగం వరకూ తెల్ల చల్లడం, మోకాళ్లు, పిక్కలు ఖాళీ, కాళ్లకి చెప్పులు, తలకి ముదురునీలం తలపాగా. నడుం పైన లండను, కింద మన ఊరు. ఈ బొమ్మకి రంగు వేస్తున్నప్పుడు చాలా ఇంగ్లీషు పాఠాల్లో ఇచ్చే 'ఒంటిరంగు' డబ్బా పక్కన పెట్టెయ్యాలి. ముదురు గోధుమకి కొంచెం కావిరంగు కలిపి పునాది వేసి, బుగ్గలకీ ముక్కుకీ మోకాలి చిప్పకీ లేతది వేస్తేనే మనవాడి మొహం వస్తుంది.

వీళ్లందరూ చెప్పినట్టల్లా విన్నవాళ్లేమీ కారు. హైదరాలీతో యుద్ధానికి ఓడెక్కి మద్రాసు వెళ్లమన్నప్పుడు, 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో సిపాయిలు ఎదురుతిరిగారు. 1857కి డెబ్బయ్యేడేళ్ల ముందు మాట ఇది. పద్నాలుగేళ్లకు, 1794 జూలై 10న, పద్మనాభం దగ్గర విజయనగరం చిన విజయరామరాజు కంపెనీ సేనతో పోరాడి చనిపోయాడు. కంపెనీ పక్షాన నాయకుడు కల్నల్ ప్రెండర్‌గాస్ట్. తగాదా పేష్కషు బాకీ గురించి. రాజును ఊరు విడిచి మచిలీపట్నం వెళ్లమన్నారు, ఆయన వెళ్లలేదు.

ఈ పద్మనాభం యుద్ధాన్ని బల్ల మీద పెట్టాలన్నది నా కోరిక. మొదలుపెట్టగానే ఒక చిక్కు. కంపెనీ పక్షాన్ని తయారుచెయ్యడం సులువు. సిపాయి కాలరు రంగేమిటో, గుండీలెన్నో ఉత్తర్వులున్నాయి, చిత్రాలున్నాయి. రాజుగారి బంట్లకు అలాంటి ఉత్తర్వుల పుస్తకం లేదు. ఎవడి పంచె వాడిది, ఎవడి పాగా వాడిది. ఓడినవాడికి యూనిఫారం లేకపోతే బొమ్మలు చేసేవాడి చేతికి అంచనా తప్ప ఆధారం చిక్కదు. సినిమాల్లో జమీందారు బంట్లకు వేసే జరీ అంచుల దుస్తులు చూసి రంగులు వెయ్యడం నాకు మనసొప్పలేదు. అది అబద్ధానికి వార్నిషు పూయడం.

దీనికి దారి ఏటికొప్పాకలో దొరికింది. చీడికాడా ఏటికొప్పాకా ఇప్పుడు రెండూ 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోనివే. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను లేతు మీద తిప్పి బొమ్మలు చేస్తారు. రంగు కలిపిన లక్క ముక్కను తిరుగుతున్న కర్రకి ఆనిస్తే, ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. దాన్ని మొగలి ఆకుతో రుద్దితే నునుపూ మెరుపూ వస్తాయి. బ్రష్షు లేదు, ఆరబెట్టడం లేదు! పసుపు నుంచి పసుపుపచ్చ, జాఫ్రా గింజల నుంచి ఎరుపు, నీలిమందు నుంచి నీలం. పసుపూ నీలీ కలిస్తే ఆకుపచ్చ. రసాయన రంగులు అలవాటైన కాలంలో మళ్లీ ఈ చెట్టురంగుల్ని నిలబెట్టడానికి పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం కూడా ఇవే. ఇంత గౌరవం వచ్చినా అంకుడు కర్ర దొరకడమే కష్టమవుతోంది, అది వేరే వ్యాసం.

లేతు మీద సిపాయి ఎలా వస్తాడు? లేతు గుండ్రటివి మాత్రమే చేస్తుంది. నెపోలియన్ కాలపు టోపీ అదృష్టవశాత్తూ గొట్టం లాంటిది! కిందనుంచి నల్ల పట్టీ బూట్లు, తెల్ల పట్టీ కాళ్లు, ఎర్ర పట్టీ కోటు, ఒంటిరంగు పట్టీ మొహం, మళ్లీ నల్ల గొట్టం టోపీ - సిపాయి మొత్తం అయిదు వలయాలు. జర్మనీలో జైఫెన్ పల్లె వడ్రంగులు కూడా ఇలాగే లేతు మీద కొయ్య సిపాయిల్ని తీశారు. ఏటవాలుగా పోయే అడ్డపట్టీ ఒక్కటే లేతుకు లొంగదు, దానికి బ్రష్షు పట్టాల్సిందే. మద్రాసు సిపాయికైతే వలయాలు పెరుగుతాయి: చెప్పులు, ఖాళీ పిక్కలు, చల్లడం, కోటు, మొహం, తలపాగా. మా కొలువు సిపాయికి నల్ల టోపీ, కిందిదాకా తెల్ల కాళ్లు. అంటే వాడు మద్రాసు సిపాయి కాదు, తెల్లవాడే. ఇన్నేళ్లూ దేవుళ్ల మెట్టు కింద కాపలా కాసింది ఇంగ్లీషువాడన్నమాట.

నా పద్మనాభం బల్ల మీద ఇప్పటికి కంపెనీ పక్షాన ముప్పై బొమ్మలు పూర్తయ్యాయి. కోటు, పట్టీ, చల్లడం, తలపాగా, అన్నీ ఉత్తర్వు ప్రకారం. రాజుగారి పక్షాన ఇంకో ముప్పై అంకుడు కర్రతోనే తీయించాను. వాటికి రంగు లేని లక్క మాత్రం పట్టించి, మొగలి ఆకుతో రుద్ది, కర్ర రంగులోనే వదిలేశాను.